రెండు, ఆగి ఒకటి

గవర్రాజు కొట్లో ఆగిపోయిన వాచీ ఉండకూడదు. అది ఆయన పట్టింపు.

సామర్లకోట స్టేషను రోడ్డులో, లాడ్జి మెట్ల కింద ఉంటాది ఆ కొట్టు. మనిషి లోపల కూర్చుంటే మోకాళ్లు రోడ్డు మీదుంటాయి, అంతే జాగా. బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ రానివాళ్ల వాచీలు గోడకి మేకులు కొట్టి తగిలించేడు. ముప్పై నాలుగు ఉన్నాయి. కొన్నిటి తాలూకు మనుషులు పోయి పదేళ్లు దాటింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా పొద్దున్నే తొమ్మిదింటికి షట్టరెత్తి, చేతులు తుడుచుకుని, వరసగా ముప్పై నాలుగింటికీ కీ ఇస్తాడు. ఆ తరవాతే టీ.

"ఎవరికోసం తిప్పుతావు బావా?" అని అడుగుతాడు ఎదురుగా టీ బడ్డీ సింహాద్రి.

"ఆగిపోయిందంటే ఇచ్చినోడు ఇంక రాడని నేనే ఒప్పుకున్నట్టు. నడుస్తుంటే, వస్తాడేమోలే అని ఉంటాది."

"అలాగైతే బోర్డు మార్చు. వాచీల కొట్టు కాదు, వెయిటింగు రూమని రాయించు."

ముప్పై నాలుగూ అయిపోయేక గవర్రాజు సొరుగు లాగి ఒక అగ్గిపెట్టె తీస్తాడు. సింహాద్రి చూడకుండా తీస్తాడు. అగ్గిపెట్టెలో దూది. దూదిలో చింతగింజ.

నిజం చింతగింజ కాదు. అంత సైజులో ఉండే యంత్రం. గుండె పక్కన పెట్టి కుట్టేస్తారు. గుండె తన పని తను చెయ్యలేక నీరసపడిపోతే, ఇది లోపల్నించి తట్టి లేపుతాది. దానికి పెద్ద ఇంగ్లీషు పేరుంది గానీ, ఊళ్లో అందరూ చింతగింజ అనే అంటారు. చేసింది గవర్రాజు కూతురు హైమ. కాలవగట్టు దగ్గర పాత బియ్యం గోడౌను మేడమీద నలుగుర్ని పెట్టుకుని చేసింది. మొత్తం నలభై రెండు చింతగింజలు చేసి, ఊళ్లో నలభై రెండు గుండెల పక్కన పెట్టించింది. సింహాద్రికి ఒకటుంది. గవర్రాజుకీ ఒకటుంది.

అగ్గిపెట్టెలో ఉన్నది ఆయన భార్య సూరాయమ్మది. ఊపిరితిత్తులు పాడై పోయిందావిడ. గుండెది తప్పేం లేదు. చితి మీద ఆ గింజ పేలిపోతాదని, హాస్పిటల్లో ముందే తీసేసేరు. హైమ దాన్ని నిద్రపుచ్చి, కడిగి, తండ్రి చేతిలో పెట్టింది.

"ఉంచుకో నాన్నా. ఇంకిది పని చెయ్యదు."

పని చెయ్యనిదాన్ని తెచ్చి గవర్రాజు చేతిలో పెట్టడం, అదీ పొరపాటు.

గింజల మూతలు బిగించేది ఆయనే. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత మూత, యంత్రాలతో అయితే పగిలిపోయేది. కంటికి అద్దం పెట్టుకుని, పట్టకారుతో, యాభై ఏళ్ల చేతివాటంతో ఆయన బిగించేవాడు. బిగించేక లోపలి సంగతి బాగుందో లేదో చూడ్డానికి హైమ ఒక చెకింగు పెట్టె ఇచ్చింది. పెట్టెకి ఒకే బొత్తాం. మొదట్లో గింజని మేలుకొలపాలంటే పదహారు ఇంగ్లీషు అక్షరాలు కొట్టాలని పెట్టింది. గవర్రాజు మూడో తరగతి. అక్షరాలు తప్పు కొట్టి, పరీక్షకి చేసిన మూడు గింజల్ని మూగవాటిని చేసేసేడు. అప్పుడు హైమ నవ్వి, "పోనీలే. నువ్వు ఇంటి తలుపు కొడతావు చూడు, ఆ చప్పుడు నేర్పిస్తాను వీటికి. అది నీకు తప్ప ఎవరికీ రాదు" అంది.

నలభై మూడేళ్లుగా ఆయన ఇంటి తలుపు ఒకే రకంగా కొడతాడు. రెండు, ఆగి ఒకటి. లోపల్నించి సూరాయమ్మ, "వస్తన్నా, వస్తన్నా. తలుపిరగ్గొట్టకు!" అనేది.

ఆవిడ పోయిన పదకొండో రోజున కొట్టు తెరిచి, వాచీలకి కీ ఇచ్చి, ఊరికే, చెయ్యి ఊరుకోక, ఆ గింజని పెట్టె మీద పెట్టేడు. బొత్తాం నొక్కేడు. రెండు. ఆగి ఒకటి. పచ్చ లైటు వెలిగింది. గింజని గుప్పిట్లో పెట్టుకుని గుండెకి ఆనించుకున్నాడు.

లోపల జవాబొచ్చింది.

చెవికి కాదు. రొమ్ములోపల. రెండు తట్లు, కాస్త ఆగి ఇంకోటి. ఇంట్లోపల్నించి ఎవరో గడియ మీద చెయ్యేసినట్టు.

ఆయన అరుగు మీద అలాగే ఉండిపోయేడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే, సింహాద్రి అవతల్నించి "కంట్లో నూనె పడిందా బావా?" అని అరిచేడు. పడిందన్నాడు.

ఆ రోజు నుంచి రోజూ అంతే. ముప్పై నాలుగు వాచీలు, తరవాత సూరాయమ్మ. ఒక్క నిమిషం. మళ్లీ నిద్రపుచ్చి దూదిలో పెట్టేసేవాడు. ఎవరికీ చెప్పలేదు. హైమకి అసలే చెప్పలేదు. ఏడాది గడిచిపోయింది.

*

పైడితల్లి కొత్తిమీర అమ్ముతాది, రైతుబజారులో. ఆవిడకీ చింతగింజ ఉంది. ఒక పొద్దున్న బుట్ట దించి, కొంగుముడి విప్పి వాచీ తీసింది.

"మా ఆయనది గవర్రాజన్నా. మా నూకరత్నం నర్సు ట్రైనింగులో చేరింది. నాడి చూడ్డానికి సెకండ్ల ముల్లున్న వాచీ కావాలంట. బజార్లో కొంటానంటే వద్దు మామ్మా, తాతదే కట్టుకుంటానంది. మూడురోజుల్లో చేసియ్యి."

"వారం పడతాది."

"వారానికి ఆ పిల్ల నాడి చూడకుండానే పేషంట్లు ఇంటికెళ్లిపోతారు."

సింహాద్రి నవ్వుతా టీ గ్లాసు పట్టుకొచ్చేడు. పైడితల్లి ఓ గుక్క తాగి, గొంతు తగ్గించింది.

"ఒకమాట. నవ్వకండి. ఈ మధ్య రోజూ పొద్దున్న తొమ్మిదయ్యేసరికి నా గుండెల్లో ఎవరో తలుపు కొడతన్నారు."

సింహాద్రి నవ్వలేదు. గ్లాసు కింద పెట్టేడు. "నీకూనా?"

"ఏటి, నీకూనా?"

"నేను కడుపులో గాసు అనుకుంటన్నానే. రెండుసార్లు కొట్టి, ఊరుకుని, మళ్లీ ఒకటి. అప్పుడు కాళ్లకింద నేల జారినట్టుంటాది."

"అదే అదే! నిన్న నిజంగానే లేచెళ్లి తలుపు తీసేను. ఎవరూ లేరు. కుక్క కూడా లేదు. మా కోడలు, అత్తా మతి పోయిందా అంది."

"యముడేమో."

"యముడైతే తలుపు కొట్టి నిలబడతాడా ఎర్రోడా, తోసుకుని వచ్చేస్తాడు. ఇది ఎవరో మర్యాద తెలిసినోళ్లు." పైడితల్లి బుట్ట నెత్తినెట్టుకుంది. "ఆడమనిషని నాకనిపిస్తంది. ఏదో కావాలి, అడగలేక నిలబడింది."

గవర్రాజు వాచీ మూత తీస్తా తల ఎత్తలేదు. ఆయనకి భయం వెయ్యాలి. వెయ్యలేదు. ముందు ఆయనకి వచ్చింది ఉక్రోషం. సూరాయమ్మ నాకొక్కడికే పలుకుతుందనుకున్నానే, ఊరందరికీ పలుకుతుందా అని. మనిషి మనసు అలాంటిది మరి. ఆ తరవాత ఎప్పుడో మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే చెయ్యి ఆగింది. ఆ ముద్ద అలా పట్టుకునే కాసేపు కూర్చుని, ఏం కాదులే అనుకుని తినేసేడు.

*

సూరాయమ్మ సంవత్సరీకం మంగళవారం వచ్చింది. పంతులుగారు పదకొండింటికి వస్తానన్నారు. గవర్రాజు తలస్నానం చేసి, ఆ తడి జుట్టుతోనే కొట్టుకెళ్లేడు. వాచీలకి కీ ఇచ్చేడు. గింజని మేలుకొలిపి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

ఆ రోజు నిమిషంతో సరిపెట్టుకోలేకపోయేడు. ఏడాది అయింది, కూర్చో కాసేపు, అన్నాడు మనసులో. లోపల తట్టింది. ఆగింది. మళ్లీ తట్టింది. ఒళ్లు తేలిపోతా ఉంది, కళ్లముందు పసుపు పచ్చగా కమ్ముకొస్తా ఉంది. ఆయనకి అదీ బాగానే ఉంది. కిళ్లీ ఒకటి నమిలేంత సేపు అలా ఉండిపోయేడు. అవతల గ్లాసులు పగిలిన చప్పుడైతే తెలివొచ్చింది. చూస్తే సింహాద్రి బల్ల పట్టుకుని కిందకి జారిపోతన్నాడు.

గవర్రాజు గబగబా గింజని నిద్రపుచ్చి, రోడ్డు దాటి పరిగెత్తేడు. సింహాద్రి మొహం మీద నీళ్లు కొడితే కళ్లు తెరిచేడు.

"ఇవాళ గట్టిగా కొట్టింది బావా," అన్నాడు. "వదల్లేదు."

పంతులుగారు వచ్చేసరికే కబురొచ్చింది. రైతుబజారులో పైడితల్లి కొత్తిమీర కట్టలు కడతా కడతా, ఉన్నట్టుండి లేచి, "ఎవరమ్మా, వస్తన్నా" అందంట. రెండడుగులు వేసి పడిపోయింది. మళ్లీ లేవలేదు.

*

మర్నాడు హైమ ఫోను చేసి, కొత్త గింజలకి బిగించమనిచ్చిన మూతలు పట్టుకుని గోడౌనుకి రమ్మంది. గవర్రాజు మేడెక్కేసరికి అక్కడ ఎవరూ మాట్లాడుకోటం లేదు. గోడ మీద పెద్ద తెర, దాని మీద అందరి గుండెల గీతలు, వరసలు వరసలుగా. ఆ వరసల్లో ఒకటి ఊరికే తిన్నగా ఉంది. రెహానా అనే పిల్ల దాని ముందు నిలబడి ఉంది. కాకినాడమ్మాయి, హైమ దగ్గర మూడేళ్ల నుంచి చేస్తంది.

"రండి బాబాయిగారూ. మీరు వాచీలు చూసినోళ్లు కదా, ఇది చూడండి. ఏం అర్థమైనా చెప్పండి."

"నాకేం తెలుస్తాదమ్మా."

"తెలుస్తాది. ఈ గింజ లోపల మేస్త్రి లాంటిదొకటుంటాది. రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అంటాం. దాని కింద చాలా పనులుంటాయి. గుండెని తట్టాలి, బ్యాటరీ చూసుకోవాలి, పక్క గింజలతో మాట్లాడాలి. ఏ పని ఏ క్షణాన అవ్వాలో మేస్త్రి చెప్తాడు. ఎంత తొందరగా అన్నది కాదు, చెప్పిన క్షణానికి అయ్యిందా లేదా అన్నదే. అన్నిటికంటే ముందు గుండె పని. అది ఆలస్యమైతే మనిషి పోతాడు."

"ఊఁ."

"నిన్న పొద్దున్న తొమ్మిదీ ఇరవైకి మొత్తం నలభైయొక్క గింజలూ ఒకేసారి గుండె పని వదిలేసేయి. అన్నీ. ఇంకేదో పని ముందుకొచ్చి నిలబడింది. గుండెకంటే ముందు. ఇంతకుముందు రోజుల్లో కూడా వదిలేసేయి, ఒక దెబ్బ, రెండు దెబ్బలు. ఎవరికీ ఏం కాలేదు కాబట్టి మనం చూసుకోలేదు. రోజురోజుకీ పెరిగింది. నిన్న..." రెహానా తిన్నగా ఉన్న గీత వైపు చూసి, కళ్లు తిప్పేసుకుంది. "ఎవడో బయట్నించి లోపలికొచ్చేడు. ఎలా వచ్చేడో తెలీదు గానీ వాడి అడుగులు మాత్రం కనిపిస్తన్నాయి. ఇదిగో, అన్నిటి మీదా ఒకటే వరస."

చేతిలో పెన్నుతో బల్ల మీద కొట్టి వినిపించింది.

టక్ టక్. ఆగి, టక్.

గవర్రాజు చేతిలో మూతల డబ్బా ఉంది. అది కిందపడకుండా పట్టుకోటానికి రెండో చెయ్యి కూడా వేసేడు. హైమ కిటికీ దగ్గర నిలబడి ఉంది. తండ్రి వైపు చూడలేదు. ఆయనా కూతురి వైపు చూడలేదు.

"హైమక్కా, పోలీసులకి చెప్పాలి కదా?" అంది రెహానా.

"చెప్తాను," అంది హైమ. "దొంగ ఎలా వచ్చేడో నాకు తెలుసు."

అంతకుమించి ఒక్కమాట చెప్పలేదు. గవర్రాజు డబ్బా బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయేడు.

*

మర్నాడు అగ్గిపెట్టె తియ్యలేదు. ఆ మర్నాడూ తియ్యలేదు. సొరుగు మీద చెయ్యి పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. రెండు రోజులూ సింహాద్రి పొద్దున్నే హుషారుగా ఉన్నాడు. "పైడితల్లితోనే పోయినట్టుంది బావా ఆ పీడ. పాపం, ఆవిడ తలుపు తీసింది, అది వెళ్లిపోయింది" అన్నాడు.

గవర్రాజుకి గుండెల్లో ఏ చప్పుడూ లేదు. అన్నం సహించలేదు. ఇంట్లో హైమ కంప్యూటరు ముందునుంచి లేవలేదు. తండ్రీ కూతుళ్లు ఒకరికొకరు మంచినీళ్లు అందించుకుంటన్నారు గానీ మాట్లాడుకోటం లేదు. ఆయన మనసులో ఒకటే తిరుగుతా ఉంది. నేను ఊరుకుంటే అయిపోతాది. ఎవడో దొంగ వచ్చేడు, పోయేడు. ఎవరికీ తెలీదు. సూరాయమ్మ అగ్గిపెట్టెలోనే ఉంటాది. ఎప్పుడో ఏడాదికోసారి, ఒక్క నిమిషం...

మూడో రోజు పొద్దున్న నూకరత్నం వచ్చింది. పైడితల్లి మనవరాలు. తెల్ల చీర, ట్రైనింగు వాళ్లిచ్చింది. వాడిపోయిన మొహం. కొట్టు ముందు నిలబడి చీటీ ఇచ్చింది.

"మా మామ్మ వాచీ ఇచ్చిందంట తాతా. అయ్యిందా?"

అయిపోయింది. వారం అన్నాడు గానీ రెండురోజుల్లోనే చేసేసేడు. మేకుకి తగిలించి ఉంది, నడుస్తా. తీసిచ్చేడు. ఆ పిల్ల చేతికి కట్టుకుని, అలవాటుగా రెండు వేళ్లు తన మణికట్టు మీదే పెట్టుకుని, ముల్లు చూస్తా నిలబడింది. పెదాలు కదుల్తన్నాయి, లెక్కపెట్టుకుంటంది. సగంలో ఆగిపోయింది.

"నేనక్కడే ఉండుంటే తెలిసేది తాతా," అంది. "చెయ్యి పట్టుకునుంటే తెలిసేది. ఎవరో పిలుస్తన్నారని పదిరోజుల్నించీ చెప్తానే ఉంది. మేం నవ్వేం."

గవర్రాజు సొరుగు వైపు చూసేడు. ఆ పిల్ల వెళ్లిపోతుంటే గట్టిగా పిలిచేడు. "అమ్మా! ఆగు. నాతోటి రా. మా హైమ దగ్గరికి. నీ ముందు చెప్పాల్సిందొకటుంది."

సొరుగు లాగి అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

*

గోడౌనులో బల్ల మీద అగ్గిపెట్టె పెట్టి మూత తోసేడు. దూదిలో గింజని చూసి రెహానా ఇదేంటంది. హైమ అనలేదు. కుర్చీలో కూలబడిపోయింది.

"రోజూ మేలుకొలిపేను," అన్నాడు గవర్రాజు. "వాచీలకి కీ ఇచ్చినట్టే. దొంగెవడూ లేడు. నేనే."

"ఎందుకు నాన్నా?"

"పలికేది."

"ఏంటి?"

"మీ అమ్మ. నేను తడితే, ఇక్కడ," రొమ్ము మీద చెయ్యేసుకున్నాడు, "తిరిగి తట్టేది."

హైమ లేచొచ్చి తండ్రి ముందు కింద కూర్చుంది. చిన్నప్పుడు వాచీ పనిచేస్తుంటే అలాగే కూర్చునేది.

"అమ్మ కాదు నాన్నా. నువ్వు నొక్కగానే ఆ గింజ లేచి గుండెకోసం వెతికింది. గుండె లేదు. గుండె దొరక్కపోతే పక్కవాటిని సాయం అడగమని నేనే నేర్పించేను. అది అడిగింది. ఎలా అడగాలి? దాన్ని లేపినప్పుడు చివరగా విన్న చప్పుడు నీ చప్పుడు. దాంతోనే ఊళ్లో అన్నిటి తలుపూ కొట్టింది. నీ చప్పుడు వింటే ఏ పనున్నా వదిలి తలుపు తియ్యాలని వాటికి చెప్పింది నేను. ఇంటాయన తలుపు కొడితే పొయ్యి మీద పాలు వదిలేసి అమ్మ పరిగెత్తేది చూడు, అలాగ. అన్నీ గుండెని వదిలేసి తలుపు దగ్గరికొచ్చేయి. తలుపు తీస్తే అవతల ఎవరూ లేరు. అయినా నిలబడిపోయేయి. ఒకసారి తెలిసిన చప్పుడు కాబట్టి మర్నాడు ఇంకా తొందరగా వచ్చేయి, ఇంకా ఎక్కువసేపు నిలబడ్డాయి."

"మరి నాకు లోపల..."

"నీ గుండె దెబ్బలు తప్పడం అది. అమ్మ పలకడం కాదు. నువ్వు చచ్చిపోతా ఉండటం."

గవర్రాజు రొమ్ము మీంచి చెయ్యి తీసేసేడు.

"ఊళ్లోవాళ్లకి పెట్టేముందు ఆ తలుపు మూసెయ్యాల్సింది," అంది హైమ. "రాసి పెట్టుకున్నాను, ఫలానా రోజున మూసెయ్యాలని. ఆ రోజు అమ్మకి ఆయాసం ఎక్కువైంది. హాస్పిటల్లో ఉన్నాను. తరవాత మర్చిపోయేను. తలుపు చేసిందీ నేనే, మూసెయ్యందీ నేనే. నువ్వు తట్టేవు, అంతే."

మూలన నిలబడ్డ నూకరత్నం అప్పుడు మాట్లాడింది.

"మా మామ్మ ఒకటే అనేది. ఆడమనిషి, ఏదో కావాలి, అడగలేక నిలబడింది అని. తలుపు తీస్తే నీళ్లిద్దామనుకునేది." గవర్రాజు వైపు తిరిగింది. "మీ ఆవిడ కాదు తాతా అక్కడ నిలబడింది. మీరు."

గవర్రాజు తల వంచుకున్నాడు.

"ఇంక దేనికీ కీ ఇవ్వకండి," అంది ఆ పిల్ల. చెయ్యి ఎత్తి వాచీ చూపించింది. "దీనికి నేనిచ్చుకుంటాను."

*

హైమ ఆ మధ్యాహ్నమే పోలీసుస్టేషనుకెళ్లి అంతా రాసిచ్చింది. దొంగ అని రాయలేదు. తన పేరు రాసింది. విచారణ వేసి గోడౌనుకి తాళం వేస్తామన్నారు. తాళం వేసేముందు ఒక్కరోజు అడిగింది. నలభై మంది గుండెల్లో తలుపులు ఇంకా తీసే ఉన్నాయి కదా. ఇవాళ చప్పుడు తెలిసింది మా ఒక్కళ్లకే. రేపు ఎవడికైనా తెలియొచ్చు.

తలుపు మూసెయ్యాలంటే ఆ తలుపులోంచే ఆఖరిసారి లోపలికెళ్లాలి. గింజ తొమ్మిది సెకన్లు ఆగి, కొత్తగా లేస్తాది. ఆ తొమ్మిది సెకన్లూ గుండె ఒంటరిగా కొట్టుకోవాలి. ఆ సాయంత్రమే హాస్పిటల్ హాలులో మంచాలు వేసేరు. డాక్టర్లు చుట్టూ నిలబడ్డారు. నలభై మందిలో ఒకరు కాకినాడలో కూతురింటికెళ్తే కారు పంపించి పిలిపించేరు.

"తలుపు నాది. నేనే మూస్తాను," అన్నాడు గవర్రాజు. చెకింగు పెట్టె చంకలో పెట్టుకుని ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లేడు. ఒక్కొక్కళ్లకీ తనేం చేసేడో చెప్పేడు. చెప్పేకే నొక్కేడు. కొందరు తిట్టేరు. ఒకాయన మొహం తిప్పేసుకున్నాడు. ఒక ముసలావిడ మాత్రం, మా ఆయన గుండె చప్పుడు కూడా ఇలాగ దాచుకోగలిగితే బావుణ్ణు అంది.

సింహాద్రి మంచం మీద పడుకుని బావ మొహం కిందనుంచి చూసేడు.

"ఏడాదిపాటు నా గుండెల్లో తలుపు కొట్టింది నువ్వా! టీ కావాలంటే రోడ్డు మీంచి కేకెయ్యొచ్చు కదా."

"సింహాద్రీ..."

"నొక్కు. ఏడుస్తా నొక్కకు, తప్పు నొక్కుతావు."

రెండు. ఆగి ఒకటి. తొమ్మిది సెకన్లు అందరూ మంచం పక్కన గుండె గీత చూపించే తెరవైపు చూస్తన్నారు. నాలుగు, అయిదు. సింహాద్రి కళ్లు తేలిపోయేయి. తొమ్మిది. గీత లేచింది.

ముప్పై తొమ్మిది అయ్యేయి. ఆఖరిది గవర్రాజుది. ఆయన మంచం మీద పడుకున్నాడు. పెట్టె హైమ చేతిలో ఉంది.

"భయంగా ఉందా నాన్నా?"

"నొక్కమ్మా."

కూతురు నొక్కింది. ఆయన గుండెల్లో రెండు తట్లు, ఆగి ఒకటి. అలవాటుగా ఆయన చెవి రిక్కించేడు. తరవాత ఏదీ లేదు. నిశ్శబ్దం అంటే ఏంటో డెబ్భై ఏళ్లలో ఆయన ఎప్పుడూ వినలేదు, గడియారాల మధ్య బతికినోడు. మూడు. నాలుగు. ఒళ్లు బావిలోకి దిగుతున్నట్టుంది. సూరాయమ్మా అనబోయేడు. ఏడో సెకనులో గుండె దానంతటదే, ఎవరూ తట్టకుండా, ఒక్కసారి కొట్టుకుంది. ముతగ్గా, బలంగా, ఒక్కటే. అది ఎవరి జవాబూ కాదు. తనదే.

లేచి కూర్చున్నాక అగ్గిపెట్టె తీసేడు. సూరాయమ్మ గింజని పెట్టె మీద పెట్టలేదు. కంటికి అద్దం పెట్టుకుని, పట్టకారుతో మూత లేపి, లోపల ఆవగింజంత బ్యాటరీ తీసి హైమ అరచేతిలో వేసేడు.

*

మర్నాడు తొమ్మిదింటికి షట్టరెత్తి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గోడ మీద వాచీలు ముందురోజు కీతోనే నడుస్తన్నాయి. పదకొండింటికి మొదటిది ఆగింది. తరవాత రెండు కలిసి ఆగేయి. ఆయన ఒక్కోదాని వైపూ చూసేడు. ఎవరిదో గుర్తుంది. రైల్వే గార్డుది. పంచాయతీ ప్రెసిడెంటు తమ్ముడిది, పెళ్లి ఆగిపోయినోడిది. అలా సాయంత్రమయ్యేసరికి గోడంతా ఊరుకుంది.

సింహాద్రి టీ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇవాళ ఎవరూ పిలవలేదు బావా," అన్నాడు.

"పిలవలేదు," అన్నాడు గవర్రాజు.

పొద్దుగూకకుండానే షట్టరు దించేసి ఇంటికెళ్లేడు. తలుపు వేసి ఉంది. లోపల హైమ ఉంది, వారంలో విచారణకి వెళ్లాలి, కాయితాలు సర్దుకుంటా ఉండుంటాది. ఆయన చెయ్యి లేచింది. తలుపు దాకా వెళ్లింది. చెక్క మీద నలభై మూడేళ్లుగా తన వేలు తగిలిన చోట రంగు పోయి నున్నగా ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి, కొట్టకుండా, కాసేపు అలాగే ఉంచేడు.

తరవాత గొంతు సవరించుకుని నోటితో పిలిచేడు.

"హైమా!"

"వస్తన్నా నాన్నా," అని వినబడింది లోపల్నించి.